పై గడియ

ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట అత్తాకోడళ్ళ గొంతులు పెద్దవైతే వీధిలో ఎవరూ చెవులు రిక్కించరు. కొత్తలో రిక్కించారు గానీ, వాదన వంట మీదా కాదు, వాటాల మీదా కాదు, వ్యాకరణం మీదని తెలిశాక నీరుగారిపోయారు.

అత్తగారు ముప్పై ఏళ్ళ పైచిలుకు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. వీధంతా ఆవిణ్ణి మాస్టారమ్మ అనే పిలుస్తుంది. కోడలు పొద్దున పూట కళ్ళద్దాల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఈమధ్యే కోర్టులో గుమాస్తా పోస్టులు పడ్డాయని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఆమెకు లెక్కలంటే భయం లేదు, ఇంగ్లీషంటే భయం లేదు, తెలుగు పేపరంటేనే గుండె దడ. "చెరువు గట్టున కూర్చుని దాహమంటావేంటి పిల్లా, నేను లేనూ?" అని అత్తగారు పాత పుస్తకాలు దులిపింది. అప్పట్నుంచీ రోజూ భోజనాలయ్యాక వంటింటి బల్లే వాళ్ళ బడి.

ఆ రోజు పాఠం సొంత వాక్యాలు.

"‘వాటిల్లు’," అంది అత్తగారు. "దీన్ని వాక్యంలో ప్రయోగించు."

కోడలు కాసేపు పైకి చూసి, "మా ఇంటికి చుట్టాలు వాటిల్లారు," అంది.

అత్తగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ వదిన వింటే ఇంక ఈ గుమ్మం తొక్కదు. భావం మటుకు నిజమేననుకో, వ్యాకరణమే ఒప్పుకోదు. మనుషులు వాటిల్లరు. ఆపద వాటిల్లుతుంది. ముప్పు, నష్టం, కీడు, హాని, ఇవి వాటిల్లుతాయి. మంచి అనేది ఎప్పుడూ వాటిల్లదు."

"అంటే రేపు నాకు ఉద్యోగం వస్తే, ఉద్యోగం వాటిల్లింది అనకూడదా?"

"చేరి ఓ నెల పనిచేశాక అను, అప్పుడు తప్పు పట్టను."

కోడలు నవ్వింది. "పోనీ, పాలు పొంగి పొయ్యి మీద పడితే?"

"అది తుడుచుకునేది, వాటిల్లేది కాదు. పెద్ద మాటకి పెద్ద కష్టమే కావాలి. చీమ కుట్టిందానికి ప్రమాదం వాటిల్లిందంటే పేపరు దిద్దేవాడు నవ్వుతాడు."

"మీ అబ్బాయి నాకు నష్టం వాటిల్లాడు."

"ఇంకా నయం! నష్టం చేశాడను, కలిగించాడను. ఈ క్రియకి మనిషి కర్తగా కుదరడు. నష్టమే కర్త. అదే వచ్చి నెత్తిన కూర్చుంటుంది. దాన్ని తెచ్చిందెవరని ఈ మాట అడగదు. అందుకే పేపర్లవాళ్ళకీ ఆఫీసర్లకీ ఇదంటే అంత మోజు."

ముందుగదిలో పడక్కుర్చీలో మామగారు కునుకు తీస్తున్నారు. ఆయన ఒకప్పుడు బస్సు డ్రైవరు. మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. భార్యని ఒక్కోసారి గుర్తుపట్టరు గానీ, బస్సులు ఏ స్టాపు తర్వాత ఏ స్టాపులో ఆగుతాయో తడుముకోకుండా చెబుతారు. సాయంత్రం కావస్తుంటే, "టైమైపోయింది, బండి తీయాలి," అంటూ లేచి చెప్పుల కోసం వెతుక్కుంటారు. రెండు సార్లు అలా వీధిలోకి వెళ్ళిపోతే, తెలిసినవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆ తర్వాత కొడుకు వీధి తలుపుకి బాగా పైన ఇంకో గడియ బిగించాడు. మామగారు పొడగరే, చెయ్యి చాస్తే అందుతుంది. కానీ పైన గడియ ఉంటుందన్న ఊహే ఆయనకి రాదు. కింద పిడి దగ్గరే తిప్పి తిప్పి, విసిగిపోయి, మళ్ళీ కుర్చీలో కూర్చుంటారు. తలుపు తీసినవాళ్ళు పై గడియ వేసి తీరాలి. ఆ ఇంటికి ఉన్న కట్టుబాటల్లా అదొక్కటే.

పాఠం మధ్యలో కొరియర్ అబ్బాయి మందుల పార్సిలు తెచ్చాడు. అత్తగారు వెళ్ళి తీసుకుని వచ్చింది. ఇంకో రెండు మాటలు అయ్యాక, మబ్బు పడుతోందని, ఆరేసిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళింది. "నేను దిగొచ్చేలోపు ఒక్కటైనా మంచి వాక్యం తయారుచెయ్యి," అని చెప్పి మరీ వెళ్ళింది.

అప్పుడే వీధి చివర చెత్త బండి ఈల వేసింది. ముందు రోజు బండి తప్పిపోయి, వంటింట్లో సంచి అప్పటికే వాసన కొడుతోంది. కోడలు గబుక్కున సంచి ఎత్తుకుని పరుగెత్తింది. ఆమె పొట్టి మనిషి. మునివేళ్ళ మీద లేచి, వేలి కొసతో పై గడియ లాగింది. బండిలో సంచి పడేసి తిరిగొచ్చింది. చేతులు జిడ్డుగా ఉన్నాయని తలుపుని మోచేత్తో నెట్టి, చేతులు కడుక్కుని వచ్చి గడియ వేద్దామనుకుంటూ సింకు దగ్గరికి నడిచింది. నడుస్తుండగానే వాక్యం తట్టింది. ‘వంతెన కూలడం వల్ల ఆ ఊరికి తీరని నష్టం వాటిల్లింది.’ చేతులు కడుక్కుంటూ దాన్ని రెండు సార్లు పైకి అనుకుంది. ‘తీరని’ బాగుందా, ‘అపార’ బాగుందా అని ఆలోచించింది. గడియ సంగతి ఆమె బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

అత్తగారు బట్టల మూటతో దిగి వచ్చి, వాక్యం విని, "శభాష్," అంది. ఆ మెప్పుకి కోడలు పొంగిపోయింది. తర్వాత ఇద్దరూ బట్టలు మడతపెడుతూ సంధుల్లో పడ్డారు. ముందుగదిలో గురక ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు.

టైర్ల షాపు ఆయన రొప్పుతూ వచ్చి, బార్లా తెరిచి ఉన్న తలుపు మీద కొట్టి, "మాస్టారమ్మా, డ్రైవరుగారు పడిపోయారు," అనేదాకా వాళ్ళకి ఏమీ తెలియదు.

పెద్ద రోడ్డు మీద స్టాపులో ఒక బస్సు ఆగి ఉందట. డ్రైవరు టీకి దిగాడు. మామగారు నేరుగా వెళ్ళి, డ్రైవరు వైపు తలుపు తీసి, మెట్టు మీద కాలు వేసి, అలవాటైన చేత్తో పైన కడ్డీ పట్టుకుని ఎక్కబోయారు. "ఎవరయ్యా నువ్వు, దిగు!" అని ఎవరో అరిచారు. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వదిలేశారు. వెల్లకిలా రోడ్డు మీద పడ్డారు. వీళ్ళు వెళ్ళేసరికి ఆయన చుట్టూ జనం. ఆయన మటుకు, "ప్యాసింజర్లు ఎండలో నిలబడ్డారు, నన్ను లేపండి," అంటున్నారు. ఎడమ కాలు వంకరగా, మరెవరిదో అన్నట్టు పడి ఉంది.

తుంటి ఎముక విరిగిందని, ఆపరేషను చేసి రాడ్డు వేయాలని ఆసుపత్రిలో చెప్పారు.

కొడుకు పని మధ్యలో వదిలేసి వచ్చాడు. వస్తూనే, "ఎలా జరిగింది? తలుపెవరు తీశారు?" అన్నాడు.

కోడలికి ఆటోలోనే అంతా గుర్తొచ్చేసింది. మోచెయ్యి, జిడ్డు చేతులు, సింకు, వంతెన. గొంతు సవరించుకుంది. ఇంతలో అత్తగారే మొదలుపెట్టింది.

"నాదే తప్పురా. కొరియర్ వాడొస్తే తలుపు తీసింది నేను. గడియ వేశాననే అనుకున్నాను. చెయ్యి పైకెత్తినట్టు కూడా గుర్తుంది. వేయలేదు కాబోలు."

"కాబోలేంటమ్మా? ఆ గడియ వేయడం మర్చిపోతే ఏమవుతుందో నీకు తెలియదా? ఎన్నిసార్లు చెప్పాను!" అతని గొంతుకి వరండాలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూశారు. నలభై మంది పిల్లల్ని కంటి చూపుతో కూర్చోబెట్టిన మాస్టారమ్మ తల వంచుకుని నిలబడింది.

కోడలి నోట్లోకి మాట వచ్చింది. వచ్చి, పళ్ళ దాకా వచ్చి, ఆగిపోయింది. ‘ఇంత కోపంలో ఉన్నాడు, ఇప్పుడొద్దు. ఆపరేషను అయిపోనీ,’ అనుకుంది. ఆపరేషను అయింది. ‘ఇంటికి రానీ,’ అనుకుంది. నిజం చెప్పడం చలికాలం పొద్దున్నే చన్నీళ్ళ స్నానం లాంటిది. ఒక చెంబు పోసుకుంటే అయిపోతుంది. ఆ మొదటి చెంబుకే చెయ్యి లేవదు.

ఆ వారమంతా ఫోన్లే. వదిన, అంటే మామగారి పెద్ద కూతురు, వేరే ఊళ్ళో ఉంటుంది. ఫోను కోడలే ఎత్తింది.

"మరదలు పిల్లా, నాన్న బయటికెలా వెళ్ళారు? తలుపు తీసి పెట్టిందెవరు?"

"ఏం చెప్పను వదినా," అంది కోడలు. "మన ఇంటికి ఇంత ఆపద వాటిల్లింది."

ఫోను అవతల వదిన ఏడ్చింది. తలుపు మాట మళ్ళీ అడగలేదు. ఫోను పెట్టేశాక కోడలు అలాగే గోడకి ఆనుకుని ఉండిపోయింది. ప్రమాదం జరిగిన మధ్యాహ్నమే నేర్చుకున్న మాట. ఎక్కడా తప్పు పోలేదు. మనిషి కర్తగా రాలేదు, కష్టం పెద్దదే, అత్తగారు విని ఉంటే పూర్తి మార్కులు వేసేది.

మామగారిని ఇంటికి తెచ్చారు. మంచం ముందుగదిలోకి మారింది. వాకరు, బెడ్‌ప్యాను, నొప్పి మాత్రలు, ఇల్లంతా డెట్టాలు వాసన. వీటన్నిటికీ అలవాటు పడొచ్చు. కోడలు అలవాటు పడలేనిది అత్తగారిని చూడడం.

ఆవిడ ముందు గ్యాసు దగ్గర మొదలుపెట్టింది. కట్టేసిన బర్నరుని మళ్ళీ మళ్ళీ తిప్పి చూసేది. వంటింట్లోంచి వెళ్ళి, గుమ్మం దాటి, వెనక్కి వచ్చి మళ్ళీ చూసేది. తర్వాత కూరలు. "అమ్మాయ్, నేను ఉప్పు వేశానా?" వేసిందని కోడలు చెప్పినా, రుచి చూసి గానీ నమ్మేది కాదు. రెండు సార్లు వేస్తానేమోనని చివరికి వేయడమే మానేసింది. అందరూ చప్పటి కూర తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు. పాఠాలు ఆగిపోయాయి. కోడలు పుస్తకం పట్టుకుని వెళితే, "నా దగ్గరెందుకమ్మా, తప్పులు చెప్తానేమో. ఇంకెవరినైనా అడుగు," అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట అలాంటి మాట వచ్చి ఉండదు.

ఒక రోజు భర్త మెల్లగా, "అమ్మకి కూడా మొదలైందేమో. నాన్నకీ ఇలాగే చిన్న చిన్నవాటితోనే మొదలైంది," అన్నాడు.

"అబ్బే, అలాంటిదేమీ లేదు," అంది కోడలు, తొందరగా.

"నీకెలా తెలుసు?"

ఆమెకి తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి ఖాయంగా తెలిసింది ఆమె ఒక్కదానికే. చెత్త సంచి పట్టుకుని వెళ్ళినప్పుడు పై గడియ వేసే ఉంది. మునివేళ్ళ మీద లేచి తను లాగింది కదా! అత్తగారు చెయ్యి పైకెత్తినట్టు గుర్తుందంటే నిజంగానే ఎత్తింది. ఆవిడ జ్ఞాపకం నిక్షేపంలా ఉంది. ఆ ముక్క చెబితే చాలు. "ఊరికే అన్నాను, అత్తయ్యని చూస్తే అలా అనిపించదు," అంది కోడలు. అని, దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

కొడుకు తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మామగారిని చూసిన డాక్టరే. వచ్చాక ఆవిడ కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటి కుర్చీలో కూలబడింది.

"ఐదు మాటలు చెప్పి, కాసేపాగి అప్పజెప్పమన్నాడు," అంది. "రెండే చెప్పగలిగాను. చిన్నపిల్లలు చెప్పే మాటలే. మా క్లాసులో వెనక బెంచీ వాళ్ళయినా చెబుతారు. అబ్బాయి పక్కనే కూర్చుని వింటున్నాడు. నాకు చెమటలు పట్టేశాయి."

"నిద్ర సరిగ్గా లేదుగా అత్తయ్యా, దానివల్ల అయ్యుంటుంది."

"డాక్టరూ అదే అన్నాడు. నెలాగి మళ్ళీ రమ్మన్నాడు. వాళ్ళు అలాగే అంటారు, మీ మావయ్యప్పుడూ అలాగే అన్నారు." ఆవిడ కొంగు ముడి విప్పి, బీరువా తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి నీ దగ్గరుంచు. ఎక్కడో పెట్టి మర్చిపోతాను."

కోడలు వాటిని ముట్టుకోలేదు.

"ఇంకోమాట. ఇప్పుడే చెప్పేస్తే మంచిది, తర్వాత చెప్పగలనో లేదో." అత్తగారు గొంతు తగ్గించింది, ముందుగదిలో మంచం మీదున్న మనిషికి అర్థమవుతుందన్నట్టు. "ఆసుపత్రిలో సెలైను పీకేస్తున్నారని ఆయన చేతులు మంచానికి కట్టారు చూడు. నాకూ అలాంటి రోజొస్తే, మెత్తటి గుడ్డతో కట్టమని చెప్పు. పాత నేత చీర చింపితే సరిపోతుంది. గరుగ్గా ఉంటే నా చర్మానికి పడదు."

ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. కూరల సంచి ఏ మేకుకి తగిలించాలో చెప్పినట్టు చెప్పింది.

కోడలు కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. "అత్తయ్యా, గడియ తీసింది నేను," అంది.

"ఏ గడియ?"

"ఆ రోజు. మీరు డాబా మీద ఉన్నప్పుడు చెత్త బండి వచ్చింది. నేను తలుపు తీసుకుని వెళ్ళాను. తిరిగొచ్చాక వేయలేదు. చేతులు కడుక్కుని వేద్దామనుకుని, వాక్యం ఆలోచిస్తూ మర్చిపోయాను."

అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది. బడిలో ఎన్నో అబద్ధాలు విని, ఎన్నో నిజాలు విని, రెంటికీ తేడా తెలిసిన చూపు అది. "నా మీద జాలితో చెప్పడం లేదు కదా?"

"లేదత్తయ్యా."

"మళ్ళీ చెప్పు. నువ్వు వెళ్ళేటప్పుడు పై గడియ ఎలా ఉంది?"

"వేసే ఉంది. మునివేళ్ళ మీద లేచి నేనే లాగాను."

"వేసే ఉంది," అంది అత్తగారు. లేచి, వీధి తలుపు దగ్గరికి వెళ్ళి, పై గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. దాన్ని తీసింది, వేసింది. మంచం మీంచి మామగారు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు. ఆవిడ భుజాలు కదలడం కోడలికి వెనక నుంచి కనిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. వెనక్కి తిరిగాక చూస్తే రెండూను.

"వేశానే! నేను వేశాను! చెయ్యెత్తినట్టు గుర్తుందని అంటూనే ఉన్నానుగా," అంది. బల్ల దగ్గరికొచ్చి తాళాలు తీసి కొంగున కట్టుకుంది. ముడి బిగించేసరికి నవ్వు పోయింది. ముఖం ఎర్రబడింది.

"తలుపు సంగతి నేనడగను," అంది. "పరధ్యానం ఎవరికైనా ఉంటుంది. ఆ వాక్యం ఆలోచించమని చెప్పింది కూడా నేనే. కానీ నా బుర్ర పాడైందని నేను కుమిలిపోతుంటే, పక్కన కూర్చుని చూశావే, అది మరుపు కాదు. నేను ఉప్పు వేశానా అని అడిగిన ప్రతిసారీ నీకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నప్పుడు చెప్పులు తెచ్చి పెట్టావు. అప్పుడూ తెలుసు."

"తెలుసు," అంది కోడలు. పరీక్ష గురించీ, భర్త కోపం గురించీ, రేపు చెబుదామనుకోవడం గురించీ ఇన్నాళ్ళూ పేర్చుకున్న కారణాలన్నీ ఉన్నాయి. అత్తగారి ముఖం ముందు ఒక్కటీ నిలబడేలా లేదు. "తప్పయిపోయింది అత్తయ్యా," అంది.

"అబ్బాయికి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

ఆ సాయంత్రం భర్త బూట్లు విప్పుకుంటుండగానే ఆమె చెప్పేసింది. అతను ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా చాలాసేపు కూర్చున్నాడు. "ఆసుపత్రిలో అందరి ముందూ అమ్మ మీద అరిచాను," అన్నాడు. "నువ్వు పక్కనే నిలబడ్డావు." ఒంటి బూటుతోనే వంటింట్లోకి వెళ్ళాడు. లోపల తల్లీకొడుకులు ఏం మాట్లాడుకున్నారో ఆమె వినలేదు, వినే ధైర్యం లేదు. అతను ఆ రోజు భార్యని ఒక్క మాట అనలేదు. మర్నాడూ అనలేదు. తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించింది.

తిట్టే మనిషి అత్తగారే. కానీ ఆవిడ శిక్ష వేరే. కోడలిని ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. "కాస్త జరుగుతారా, గిన్నె తీసుకోవాలి." "మీ పని అయిందా?" పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ పిల్లా, అమ్మాయ్, నువ్వు అని విన్న చెవికి ఆ గౌరవం చెంపదెబ్బలా తగిలేది. పాలమనిషి ఒకసారి విని, ఎవరో కొత్త మనిషి వచ్చిందేమోనని లోపలికి తొంగి చూసింది కూడా. కూరల్లో మాత్రం ఉప్పు సమంగా పడింది.

కోడలు వదినకి ఫోను చేసి నిజం చెప్పింది. వదిన అన్న మాటలు ఇక్కడ చెప్పుకోవడం మర్యాద కాదు. ఆమె అన్నీ విని, "అవును వదినా," అని పెట్టేసింది.

పరీక్ష దగ్గరపడింది. ఆమె పుస్తకాలు అటక మీద పెట్టేయబోతుంటే అత్తగారు చూసింది.

"ఎక్కడికవి?"

"వెళ్ళనండీ పరీక్షకి. మనసు లేదు."

"వెళ్ళకపోతే ఆయన కాలు అతుక్కుంటుందా?" అంది అత్తగారు. "తప్పుకి పూచీ పడడం వేరు, మూల కూర్చోవడం వేరు. మూల కూర్చుంటే వండిపెట్టేది మళ్ళీ నేనే. తీసుకురండి ఆ పుస్తకం."

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. అత్తగారు పేజీలు తిప్పి, ఎక్కడ ఆపారో అక్కడే ఆగింది. ఒక్క క్షణం తటపటాయించింది. అయినా పేజీ దాటెయ్యలేదు.

"వాటిల్లు," అంది.

కోడలు ముందుగదిలో మంచం వైపు చూసింది. చివరికి, "నా అజాగ్రత్త వల్ల మావయ్యకి ప్రమాదం వాటిల్లింది," అంది.

"వాక్యం తప్పు లేదు." అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "ఇంకోటి."

"నేను నోరు విప్పకపోవడం వల్ల అత్తయ్యకి..." అని, ఆపై ఏం వాటిల్లిందో చెప్పడానికి ఆమెకి పదం దొరకలేదు. హాని చిన్నది, నష్టం మరీ లెక్కల మాట.

"దాన్ని అలా వదిలెయ్," అంది అత్తగారు. అన్నాక, తన నోటి వెంట ‘వదిలెయ్’ వచ్చిందని గమనించినట్టు పెదవి కొరుక్కుంది. దిద్దుకోలేదు. "తర్వాతి మాట చూడు. ఇలా అయితే ఈ పేజీ దాటవు."

ఆమె పరీక్ష రాసింది. ఫలితాల్లో పేరు వచ్చింది గానీ, ఎంపికైనవాళ్ళలో కాదు, ఎవరైనా చేరకపోతే పిలిచే వరసలో. ఇంకా పిలవలేదు. కళ్ళద్దాల షాపులోనే ఉంది. అత్తగారిని రెండోసారి డాక్టరు దగ్గరికి ఆమే తీసుకెళ్ళింది. ఈసారి ఆవిడ ఐదు మాటలూ చెప్పి, వాటిలో ఒకటి తప్పుగా పలుకుతున్నారని డాక్టరుకి చెప్పి మరీ వచ్చింది. భర్త మెల్లమెల్లగా మాటల్లో పడ్డాడు. మొదట బిల్లుల గురించి, తర్వాత వాన గురించి. ఇప్పుడు అన్నీ మాట్లాడుతున్నాడు. అయినా ఎప్పుడైనా ఇంట్లో ఏదైనా కనబడక, "ఎవరు తీశారు?" అని అడిగినప్పుడు, అడిగి ఒక క్షణం ఆమె వైపే చూస్తాడు. ఆ క్షణం ఆమెకి తెలుస్తుంది.

మామగారి ఎముక అతుక్కుంది. కాలు మాత్రం బిగుసుకుపోయింది. రోజుకి రెండు పూటలా దాన్ని వంచి చాపించాలని, నొప్పి అన్నా ఆపొద్దని డాక్టరు చెప్పాడు. నర్సుని పెడదామని భర్త అంటే, కోడలు తనే చేస్తానంది. పొద్దున షాపుకి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. మడమ కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి వేసి, మెల్లగా మడుస్తుంది. కాలు ఒక చోటికి వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం నెట్టాలి. ఆ ఇంకొంచెం దగ్గర ఆయన గావుకేక పెడతారు. ఆమె ఎవరో, ఎందుకు నొప్పి పెడుతోందో ఆయనకి తెలియదు. "రాక్షసీ, నీకు నేనేం చేశాను? వదులు నన్ను!" అని ఏడుస్తారు. ఒకసారి చెయ్యి విసిరితే ఆమె చెంప మీద పడింది. ఆమె చెంప తడుముకోకుండానే పని పూర్తిచేసింది.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది ఆ పూట. "ఆయన తిడుతోంది నొప్పిని. నిన్ను కాదమ్మాయ్. మనసులో పెట్టుకోకు," అంది.

"తెలుసత్తయ్యా," అంది కోడలు. మామగారి కళ్ళు తన కొంగుతో తుడిచి, మడమ కింద మళ్ళీ చెయ్యి వేసింది.